కర్రాబిళ్ళ గేమ్, 7వ వారం: స్టిక్ వదిలేస్తే దెబ్బ పడిపోతోంది

ఆదివారం పొద్దున మా అక్క కూతురు గేమ్ ప్యాడ్ పట్టుకుని నేను తయారుచేస్తున్న ఈ కర్రాబిళ్ళ వీడియో గేమ్ ఆడుతోంది. బిళ్ళ చివర తట్టింది, బిళ్ళ లేచింది, కొట్టాలా వద్దా అని ఒక్క క్షణం ఆగి బొటనవేలు తీసేసింది. తెర మీద కర్ర మాత్రం ఊగి బిళ్ళను కొట్టేసింది. "మావయ్యా, నేను కొట్టలేదు, అదే కొట్టేసుకుంది" అంది. నిజంగానే తను కొట్టలేదు. వారమంతా ఈ ఒక్కదాని మీదే పోయింది.

కుడి స్టిక్ (ప్యాడ్ మీద బొటనవేలితో తిప్పే చిన్న పుల్ల) కిందికి లాగితే కర్ర బిళ్ళను తడుతుంది, పైకి విదిలిస్తే దెబ్బ. ఎటు విదిలిస్తే బిళ్ళ అటు వెళ్తుంది, ఎంత జోరుగా విదిలిస్తే అంత దూరం. ఇది 2007లో వచ్చిన స్కేట్ అనే స్కేట్‌బోర్డు గేమ్ నుంచి తీసుకున్న పద్ధతి. అంతకుముందు టోనీ హాక్ స్కేట్‌బోర్డు గేముల్లో ఎగరాలంటే బటనే. స్కేట్‌లో స్టిక్ లాగి పైకి విదిలించాలి, బోర్డు మీద కాలు ఆడించినట్టే ఉంటుంది. కర్రాబిళ్ళకు ఇంతకన్నా సరిపోయేది నాకు ఇప్పటికీ తట్టలేదు.

చిక్కంతా స్టిక్ లోపలి స్ప్రింగుతో. కిందికి లాగిన స్టిక్‌ను వదిలేస్తే అది నడిమధ్యకు వచ్చి ఆగదు, కాస్త అవతలికి దాటి అప్పుడు వెనక్కి వస్తుంది. కోడ్‌కి అది పైకి విదిలించినట్టే కనిపిస్తుంది. నేను గేమ్ తయారుచేసే గోడో ఇంజిన్‌లో వీసింక్ (గేమ్‌ను తెర వేగానికి కట్టేసే సెట్టింగు) తీసేసి సెకనుకు 240 ఫ్రేముల దగ్గర ప్రతి రీడింగూ ఫైల్లోకి రాయించాను. నడిమధ్య 0, అంచు 1 అనుకుంటే, 50 సార్లు లాగి వదిలితే స్టిక్ పై వైపుకి 0.18 నుంచి 0.34 దాకా వెళ్ళింది, అక్కడ 12 నుంచి 25 మిల్లీసెకన్లు ఉంది. దెబ్బగా లెక్కేయడానికి నేను పెట్టిన హద్దు 0.25, అందుకే 50లో 19 దొంగ దెబ్బలు. హాల్ ఎఫెక్ట్ స్టిక్ (అయస్కాంతంతో కొలిచేది) ఉన్న ఇంకో ప్యాడ్‌లో 0.22 దాటలేదు, కానీ నడిమధ్య దాటడం దాటడమే. హాల్ ఎఫెక్ట్ కొంటే అన్ని జబ్బులూ పోతాయనేవాళ్ళతో నేను ఏకీభవించను, దానివల్ల అరుగుదల, డ్రిఫ్ట్ (ముట్టుకోకపోయినా స్టిక్ కదిలినట్టు చూపడం) తగ్గుతాయి గానీ స్ప్రింగు మారదు కదా.

హద్దు 0.5కి పెంచాను. దొంగ దెబ్బలు సున్నా, కానీ పాప వేలు చిన్నది, తన విదిలింపు చాలాసార్లు 0.45 దగ్గరే ఆగిపోతోంది, 50లో 13 నిజం దెబ్బలు పోయాయి. సరే, 0.25 దగ్గరే ఉంచి 50 మిల్లీసెకన్లు నిలబడితేనే దెబ్బ అన్నాను. లెక్క కుదిరింది, ఆట చచ్చిపోయింది. బిళ్ళ 45 సెంటీమీటర్లు లేచి నేలకు రావడానికి మొత్తం 0.6 సెకన్లే, అందులో 50 మిల్లీసెకన్లు పోతే కర్ర చేతి వెనకాల ఈడ్చుకుంటూ వస్తున్నట్టుంది. తర్వాత నడిమధ్య దాటే వేగం చూశాను, వదిలేసిన స్టిక్ నా వేలికన్నా వేగంగా వస్తోంది! అంటే వేగం ఎక్కువైతే దెబ్బ అన్న నా ఊహే తప్పు. తేడా మధ్య దాటాక ఉంది. స్ప్రింగు అక్కడి నుంచి బ్రేకు వేస్తుంది, వేలు ఇంకా తోస్తూనే ఉంటుంది. మధ్య దాటిన తర్వాతి రెండు రీడింగుల్లో వేగం సగానికి పడిపోతే వదిలేసినట్టు అని రాశాను. ఇప్పుడు 50 వదిలింపుల్లో 1 దొంగ దెబ్బ, 50 దెబ్బల్లో 3 పోతున్నాయి. ఆ మూడూ ఎడమ పక్కకి ఏటవాలుగా కొట్టినవే. బొటనవేలు స్టిక్ అంచు మీద జారి వేగం తగ్గుతోందని నా అనుమానం, ఇంకా రుజువు చేయలేదు.

ఈ మధ్యలో బటన్ వెర్షన్ కూడా చేశాను, ఒకసారి నొక్కితే తట్టు, రెండోసారి నొక్కితే దెబ్బ, బలానికి గోల్ఫ్ గేముల్లోలాగా కదిలే గీత. 20 నిమిషాల పని, ఎవరికీ నేర్పనక్కర్లేదు. కానీ చూపంతా ఆ గీత మీదే ఉంటుంది, బిళ్ళ మీద ఉండదు, నాకు అదే నచ్చలేదు. అయినా సెట్టింగ్స్‌లో ఉంచుతాను. 2011 నాటి జెల్డా కత్తి గేమ్ స్కైవర్డ్ స్వోర్డ్‌కి చేత్తో రిమోట్ ఊపడం ఒక్కటే దారి, 2021లో నింటెండో స్విచ్‌కి వచ్చినప్పుడు కుడి స్టిక్‌తో కత్తి తిప్పే దారి కూడా ఇచ్చారు. కాకపోతే అందులో కెమెరా తిప్పాలంటే ఎల్ బటన్ పట్టుకోవాలి. నా గేములో కెమెరా కదలదు కాబట్టి ఆ బాధ లేదు. నడక ఎడమ స్టిక్‌తోనే, అందులో కొత్తదనం ఏమీ పెట్టను.

బిళ్ళ మట్టిలో దొర్లడం, తట్టినప్పుడు టక్‌మనే చప్పుడు బాగా కుదిరాయి.

వచ్చే వారం మొదట్లోనే ఆడేవాళ్ళ చేత ఐదుసార్లు విదిలించమని, ఎవరి వేలికి తగ్గ హద్దు వాళ్ళకి పెట్టిస్తాను. ఆ తర్వాత ఏటవాలు దెబ్బల సంగతి, దానికి అడ్డం, నిలువు రీడింగులు విడివిడిగా కాకుండా కలిపి కోణంగా చూడాలి. సంక్రాంతికి ఊళ్ళో పిల్లలంతా వస్తారు, అప్పటికల్లా కర్రతో కొలిచి పాయింట్లు లెక్కపెట్టే భాగం కూడా అయిపోవాలి.