‘సెట్’ అనే చిన్న మాట

1989లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు రెండో కూర్పులో ‘సెట్’ అనే క్రియకు 430 అర్థాలు ఇచ్చారు. ఆ వివరణ దాదాపు 60,000 పదాలు సాగుతుంది. ఆ తరువాత ‘రన్’ 645 అర్థాలతో దీన్ని దాటిపోయింది గానీ, తెలుగువాళ్ళ నోట నానిన మాట కాబట్టి నా ఆసక్తి ‘సెట్’ మీదే నిలిచింది.

మనకు ‘నిలుచు’ అనే క్రియకు ‘నిలుపు’ ఉన్నట్టే, ఆంగ్లంలో ‘సిట్’కు ప్రేరణార్థకంగా ‘సెట్’ ఉంది. కూర్చోబెట్టడం అనే ఈ మూలార్థం పట్టుకుంటే ఆ వందల అర్థాలలో చాలా వాటికి దారి దొరుకుతుంది. ఉంగరంలో రాయిని పొదగడం, అచ్చు కోసం అక్షరాలు పేర్చడం, విరిగిన ఎముకను సరిచేయడం, గడియారంలో అలారం పెట్టడం, ఇవన్నీ దేన్నో దాని చోట కూర్చోబెట్టడమే. కూర్చున్నది ఇక కదలదు కాబట్టి గట్టిపడటమనే అర్థమూ వచ్చి చేరింది. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు నీళ్ళు కలిపిన 30 నిమిషాలలోపు సెట్ కావడం మొదలుపెట్టకూడదనీ, 600 నిమిషాలు దాటకుండా పూర్తిగా సెట్ కావాలనీ భారతీయ ప్రమాణాలు చెబుతాయి. ఆ మొదటి గడువు లేకపోతే తాపీమేస్త్రికి మాలు వేసే వ్యవధే దక్కదు.

గాజుల సెట్, కప్పుల సెట్ అనేటప్పటి నామవాచకం పుట్టుక వేరు. అనుయాయుల వర్గమనే అర్థమున్న లాటిన్ మాట ‘సెక్టా’ పాత ఫ్రెంచి మీదుగా వచ్చి, క్రియతో కలగలిసి ఒకే మాటలా స్థిరపడింది. జార్జ్ కాంటర్ జర్మన్‌లో ‘మెంగె’ అన్న గణిత భావనకు ఆంగ్లంలో ఈ మాటే దక్కింది. మన పాఠ్యపుస్తకాలు దాన్ని ‘సమితి’ అన్నాయి. (ఎంసెట్‌లోని ‘సెట్’కు వీటితో ఏ చుట్టరికమూ లేదు, అది పొడి అక్షరాల కూర్పు మాత్రమే.)

అసలు విశేషం మన వాడుకలో ఉంది. సంబంధం సెట్ అయింది, ఉద్యోగం సెట్ అయింది, వాళ్ళిద్దరికీ సెట్ కాదు అంటున్నప్పుడు మనం ఆంగ్ల నిఘంటువును అనుసరించడం లేదు. సంబంధానికీ బేరానికీ వీలుకీ చిరకాలంగా వాడుకుంటున్న ‘కుదురు’ అనే క్రియకే ఆంగ్ల వేషం వేస్తున్నాము. ఇంతవరకు నాకు అభ్యంతరం లేదు, ‘కుదిరింది’ ఇంకా బతికే ఉంది. కానీ “ఈ రంగు నీకు సెట్ కాదు” అన్నప్పుడు పక్కకు తప్పుకొనేది ‘నప్పు’. బట్టల దుకాణాలలో ‘నప్పలేదు’ అనే మాట ఇప్పుడు నాకు ఎక్కువగా పెద్దవాళ్ళ నోటనే వినిపిస్తోంది.