పెట్రోల్ మానేశాను గానీ రోడ్డు మానలేదు

నిన్న బావ కారులో పెట్రోల్ కొట్టిస్తుంటే, పక్క సీట్లో కూర్చుని పంపు మీద అంకెలు గిర్రున తిరగడం చూస్తున్నాను. "అందులో రోడ్ల పన్ను కూడా ఉంది. నువ్వేమో ఫ్రీగా తిరుగుతున్నావు" అన్నాడు. నవ్వేశాను గానీ మాట గుచ్చుకుంది.

ఎలక్ట్రిక్ కారు కొని రెండేళ్లయింది. పొగ లేదని మురిసిపోవడమే తప్ప రోడ్డు ఖర్చు సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. పైగా బ్యాటరీ వల్ల నాది అదే సైజు పెట్రోల్ కారు కంటే బరువు. (రోడ్లను అసలు తినేసేది లారీలే అనుకోండి, అది వేరే గొడవ.)

రోడ్డు ఖర్చులో నా వాటా నేనూ కట్టాల్సిందే. కానీ ఏడాదికి ఇంత అని అందరికీ ఒకటే ఫీజు వేస్తే మాత్రం ఒప్పుకోను. వారానికోసారి బండి తీసే అత్తయ్యా, రోజూ నలభై కిలోమీటర్లు తిరిగే నేనూ ఒకటెలా అవుతాం? తిరిగినంతకే కట్టడం నయం. న్యూజిలాండ్‌లో 2024 ఏప్రిల్ 1 నుంచి అదే పద్ధతి. అప్పుడు పెట్టిన రేటు ఎలక్ట్రిక్ కారుకి 1000 కిలోమీటర్లకు 76 న్యూజిలాండ్ డాలర్లు. ప్లగిన్ హైబ్రిడ్‌కి (ఛార్జింగ్‌తోనూ పెట్రోల్‌తోనూ నడిచే కారుకి) 38, ఎందుకంటే వాళ్లు పెట్రోల్ మీద ఎలాగూ కొంత కడుతున్నారు. ఎటు వెళ్లామో చెప్పక్కర్లేదు, బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపే ఓడోమీటర్ అంకె చాలు.

రాత్రి పార్కింగ్‌లో నా ఓడోమీటర్ చూసుకున్నాను. 31,000 దాటింది. ఆ రేటుతో లెక్కేస్తే 2,356 డాలర్లు. బావకి ఇంకా చెప్పలేదు.