ఏప్రాన్ బొందుకు బదులు ఒక కొక్కెం

కాకినాడలో మా పెద్దక్క పదకొండేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతోంది. పప్పు, రెండు వేపుళ్లు, ఒక పులుసు, సాంబారు పొద్దున పదిన్నరకల్లా తయారై కవర్లలోకి ఎక్కాలి గనుక, ఆరు గంటల నుంచి అప్పటిదాకా ఆ వంటింట్లో ఎవరి చేతులూ ఖాళీగా ఉండవు. ఆహార భద్రత లైసెన్సు తీసుకున్నప్పటి నుంచి పొయ్యి దగ్గర నిలబడేవాళ్లందరికీ ఏప్రాన్, తలకు టోపీ అలవాటయ్యాయి. 2011 నాటి నిబంధనల్లోని నాలుగో షెడ్యూలు వంట చేసేవాళ్లు శుభ్రమైన రక్షణ దుస్తులు వేసుకోవాలని చెబుతుంది. ఆ దుస్తులను నడుముకు ఎలా నిలబెట్టుకోవాలన్నది మాత్రం వేసుకునేవాళ్ల తంటా.

కిందటి చలికాలంలో అక్కకు కుడి భుజం బిగుసుకుపోయింది. నలభై, అరవై ఏళ్ల మధ్య వయసులో, అందులోనూ షుగరు ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపించే ఈ ఫ్రోజెన్ షోల్డర్ వస్తే చేతిని వెనక్కి తిప్పి నడుము మీద పెట్టుకోవడం గగనమైపోతుంది. జడ వేసే పని కోడలి మీద, ఏప్రాన్ బొందు కట్టే పని సాయానికి వచ్చే అమ్మాయి మీద పడ్డాయి. ఒకరోజు ఆ అమ్మాయి హడావుడిలో జారుముడి వేయబోయి పీటముడి వేసింది. గంట తర్వాత సాంబారు గిన్నె దించుతుండగా అంచు తొణికి ఏప్రాన్ ముందు భాగమంతా తడిసింది. తడిసిన నూలు బొందు ఉబ్బి ముడి మరింత బిగిసింది. అక్క చెయ్యి వెనక్కి పోదు, అమ్మాయి గోళ్లకు ముడి లొంగలేదు. కత్తెర వెతికి కోసేలోపు వేడి గుడ్డ తొడకు అంటుకునే ఉంది. అరచెయ్యంత బొబ్బ లేచింది.

ఆ సాయంత్రం ఫోన్ చేసి అక్క అన్న మాట ఒకటే. "ఒరేయ్, ముప్ఫై ఏళ్లు పిల్లలకి మిషన్లు నేర్పానంటావు, నా నడుముకి ఓ కొక్కెం చెయ్యలేవూ?"

నేను పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పని నేర్పి రిటైరైన వాణ్ని. లేత్ ముందు నిలబడే కుర్రాడి ఒంటి మీద వేలాడేది ఏదీ ఉండకూడదన్నది నేను చెప్పిన మొదటి పాఠం. వదులు చేతులు, టై, ఏప్రాన్ బొందు కొసలు, ఏవైనా సరే, తిరిగే కడ్డీకి చుట్టుకుంటే మనిషినే లాగేస్తాయి. అలాంటిది మా ఇంట్లో బొందు గురించి ఒక్కరోజూ ఆలోచించలేదు. ఆ సిగ్గుతోనే పని మొదలుపెట్టానని ఒప్పుకుంటాను.

పని మొదలుపెట్టాక బొందు మీద గౌరవం పెరిగింది. దానికి ఖర్చు లేదు. ఏ నడుముకైనా సరిపోతుంది, గుడ్డతో పాటే ఉతుకుకు పోతుంది, ఊడి కూరలో పడే భాగమంటూ ఏదీ లేదు. దాని స్థానంలో ఏది పెట్టినా ఇన్ని పరీక్షలూ నెగ్గాలి. బొందులో ఉన్న దోషం కట్టే చోటులో ఉంది, అంతే. కంటికి కనబడని చోట, రెండు చేతులూ వెనక్కి పెట్టి, వేళ్ల తడుములాటతో కట్టుకోవాలి. పొడుగు బొందును నడుముకు రెండు చుట్లు తిప్పి ముందువైపు కట్టుకునే వంటవాళ్లు ఉన్నారు. అక్క అదీ చేసి చూసింది. వెనక నుంచి బొందు అందుకోవడానికి మళ్లీ ఆ చెయ్యే కావాలి, పైగా ముడి చీర కుచ్చిళ్ల మీద కూర్చుని, ముందు తడి అంతా పీల్చుకుంటుంది.

ఎవరికైనా మొదట తోచేది పిన్నీసే. లంగాలోకి బొందు ఎక్కించడం దగ్గర్నుంచి తెగిన చెప్పు దాకా మన ఇళ్లలో అది చెయ్యని పని లేదు. అమెరికాలో వాల్టర్ హంట్ 1849లో దానికి పేటెంటు తీసుకుని, హక్కులను 400 డాలర్లకు అమ్మేసుకున్నాడు. ఇంగ్లీషులో చిన్నపిల్లల ఏప్రాన్‌ను పినఫోర్ అనడం కూడా గౌను ముందువైపు పిన్నుతో గుచ్చి పెట్టేవారు గనుకనే. అయితే కూరలమ్మే చోట పిన్నీసు అన్న మాటే ఎత్తకూడదు. పప్పులో ఒక పిన్నీసు కనబడిందంటే పదకొండేళ్ల పేరు ఒక పూటలో పోతుంది. చీర చిరుగుతుందన్నది ఆ తర్వాతి సంగతి.

తర్వాత వెల్క్రో కొన్నాను. స్విట్జర్లాండు ఇంజనీరు జార్జ్ ద మెస్త్రాల్ 1941లో వేటకు వెళ్లి వచ్చాక, తన బట్టలకూ కుక్క వెంట్రుకలకూ పట్టుకున్న ముళ్లకాయలను సూక్ష్మదర్శినిలో చూసి, వాటి కొసల్లో ఉన్న సన్నని కొక్కేల నుంచి దీన్ని ఊహించాడు. 1955లో అమెరికా పేటెంటు వచ్చింది. చేలగట్ల మీద మరులమాతంగి కాయలు పంచె అంచుకు అంటుకుని ఎంత పీకినా రాని అనుభవం ఉన్నవాళ్లకు దాని కిటుకు వేరే చెప్పనక్కరలేదు. వెల్క్రోను పక్కకు లాగితే గట్టిగా పట్టి ఉంటుంది, కొస పట్టుకుని పొరలా ఒలిస్తే ఒక వేలికే ఊడివస్తుంది. ఎక్స్‌రే గదిలో వేసుకునే బరువైన సీసం ఏప్రాన్లకు కూడా దాన్ని వాడతారు. రెండు అంచులు పొట్ట మీద ఒకదాని మీద ఒకటి పరుచుకుంటాయి గనుక లాగుడంతా పక్కకే ఉంటుంది, పట్టు నిలుస్తుంది. ఆ ధైర్యంతోనే నడుము పట్టీ కుట్టి, పక్కన వెల్క్రో పెట్టి ఇచ్చాను.

నాలుగు రోజులు బాగుంది. అయిదో రోజు ఆదివారం, పునుగులు. సాయంత్రం ఆ వెల్క్రో తెప్పించి చూస్తే కొక్కేల వైపు అంతా శనగపిండి గడ్డకట్టి ఉంది. దాని కింద పోగులు, రెండు వెంట్రుకలు, ఒక కరివేపాకు ఈనె. పాత టూత్‌బ్రష్షుతో, తర్వాత దబ్బనంతో గీకి గీకి శుభ్రం చేయడానికి ముప్పావుగంట పట్టింది. అదైనా భరించవచ్చుగానీ, తెరిచిన ప్రతిసారీ ఆ కొక్కేలు అక్క నేత చీర పోగులను పట్టి లాగేవి. నడుము దగ్గర చిన్న చిన్న ఉచ్చుల్లా పోగులు లేచిన మూడు చీరలు నాకు చూపించింది. నేను మాట్లాడలేదు.

అయస్కాంతాల ముచ్చట ఒక్క పూటలో తీరింది. ఎదురుగా లాగితే బిగువుగా ఉండేవి తడి గుడ్డ బరువుకు పక్కకు జారి ఊడిపోయాయి, పైగా గిన్నెలు తోమే స్టీలు పీచు ముక్కలన్నీ వాటికే అంటుకున్నాయి. టిచ్ బటన్లను నడుము దగ్గర నొక్కాలంటే వెనక ఆనిక ఉండాలి. ఆ ఆనిక అక్క పొట్టే అయింది. అయినా టిచ్ బటన్‌ను పూర్తిగా పక్కన పడేయలేదు, దానికో చోటు తర్వాత దొరికింది.

వారం రోజులు నన్ను వదలని ఊహ ఇంకొకటి ఉంది, వడ్డాణం. ముడి లేకుండా, తన బిర్రుతోనే నడుమును పట్టుకుని ఉండే వస్తువు మన ఇళ్లలో ఉండగా బొందులెందుకని. 1950ల నాటి అమెరికా ఇళ్లలో ఏప్రాన్ నడుము మడతలోకి వంపు తిరిగిన ప్లాస్టిక్ బద్ద దూర్చి, దాన్ని కాస్త విప్పి నడుముకు తగిలించుకునే రకం ఉండేది. బద్ద తీసేసి గుడ్డను ఉతుక్కోవడమే. నేను పీవీసీ పైపును నిలువునా చీల్చి, వేడిచేసి వంచి అలాంటిదే తయారుచేశాను. అక్క నిలబడి ఉన్నంతసేపూ దివ్యంగా ఉంది. కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరగడానికి వంగగానే దాని కొస డొక్కలో పొడిచింది. నిలబడి వండే దేశాల వస్తువది, మనం వంటింట్లో సగంసేపు నేల మీదే ఉంటాం.

పరిష్కారం అక్క నడుముకే వేలాడుతోందని అంతదాకా కనబడలేదు. అమ్మ వాడి, అక్కకిచ్చిన వెండి తాళాల గుత్తి. దాని కొక్కేన్ని ఒకరోజు అడిగి చేతిలోకి తీసుకుని, వర్క్‌షాపులో విడిభాగాన్ని చూసినట్టు చూశాను. బయటివైపు పూలు చెక్కిన రేకు. దాని పైఅంచు నుంచి వెనక్కి వంగి కిందికి దిగే నాలుక, రెండంగుళాలు. నాలుక కొసన చిన్న గుండు. లంగా నడుము పట్టీ మీద నుంచి ఈ నాలుక లోపలికి దిగుతుంది. రేకుకూ నాలుకకూ మధ్య సందు పట్టీ మందం కన్నా రవ్వంత తక్కువ గనుక అక్కడ చిన్న బిగింపు, కొసన గుండు ఉండడంతో ఊరికే పైకి జారదు, చర్మానికి గుచ్చుకోదు. ఒంటి చేత్తో తగిలించి ఒంటి చేత్తో తీసేయవచ్చు. ఎవరు ఊహించారో, ఏ కంసాలి మొదట చేశాడో గానీ, నేను చేయవలసిందంతా అప్పటికే అందులో ఉంది.

స్టెయిన్‌లెస్ రేకుతో అలాంటివి రెండు చేశాను. పూలు లేవు. అంచులన్నీ ఆకురాయితో గుండ్రంగా తీసి, పాత పట్టు ముక్క మీద రుద్ది, ఎక్కడా పోగు పట్టనంతవరకూ నున్న చేశాను. ఒక్కొక్క కొక్కేనికి మూడంగుళాల వెడల్పు ఎలాస్టిక్, దాని రెండో కొసన గ్యాలీసులకు, అంటే పంట్లాము జారకుండా భుజాల మీదుగా వేసుకునే పట్టీలకు, ఉండే క్లిప్పు. కొక్కెం లంగా పట్టీకి, క్లిప్పు ఏప్రాన్ పక్క అంచుకు. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, రెండూ కంటి ముందే. వీపు వెనక్కి ఏమీ పోదు. అక్క వంగినప్పుడు ఎలాస్టిక్ సాగుతుంది గనుక కత్తిపీట దగ్గర ఇబ్బంది లేదు. బొందు లేకుండా చేశానని చెప్పుకుంటున్నాను గానీ, నిజానికి ఈ బరువంతా మోస్తున్నది లంగా బొందే. అది ఎలాగూ పొద్దున్నే ఒకసారి కట్టుకునేది, దాని ముడి పక్కనే ఉంటుంది, ఎడమ చేత్తో సర్దుకోవచ్చు.

క్లిప్పుల విషయంలో కొంత తిప్పలు పడ్డాను. మొదట కొన్నవాటికి రంపపు పళ్లు ఉండేవి. అవి పది రోజుల్లో ఏప్రాన్ అంచును కొరికేశాయి. పళ్లు లేకుండా, లోపల రబ్బరు పొర ఉన్నవి తెచ్చి, అవి పట్టే చోట ఏప్రాన్‌కు రెండంగుళాల మేర కాన్వాసు ముక్క అదనంగా కుట్టించాను. తర్వాత క్లిప్పుకు లీటరు నీళ్ల సీసా వేలాడదీసి రాత్రంతా వదిలేశాను. పొద్దునకు అలాగే ఉంది. గుడ్డ అంచు పట్టి ఒక్క గుంజు గుంజితే వదిలేసింది. నాకు కావలసినవి ఆ రెండూ. రోజంతా పట్టి ఉంచాలి, వేడిది మీద పడ్డ క్షణాన వదిలేయాలి.

మెడ దగ్గర టిచ్ బటన్ అక్కరకు వచ్చింది. ఏప్రాన్ మెడ పట్టీని తల మీదుగా వేసుకోవడానికి కూడా భుజం లేవాలి. అందుకని పట్టీని ఎడమ కాలర్ ఎముక దగ్గర కోసి, అక్కడ రెండు టిచ్ బటన్లు పెట్టించాను. పట్టీ రెండు పొరలనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే చాలు, వెనక ఆనిక అక్కర్లేదు. లాగితే ఊడిపోతుందన్నది నడుము దగ్గర దాని లోపం, మెడ దగ్గర అదే దాని సుగుణం. ఒక గుంజుకు నడుము దగ్గర రెండు క్లిప్పులూ, మెడ దగ్గర బటన్లూ వదిలేసి, ఏప్రాన్ మొత్తం చేతిలోకి వస్తుంది. పొడి ఏప్రాన్‌తో ఇరవై సార్లు, తడి ఏప్రాన్‌తో పది సార్లు అక్క చేతే చేయించి చూశాను.

ఇదంతా అయ్యాక తెలిసిన ముచ్చట ఒకటి చెప్పాలి. మార్క్ ట్వేన్‌గా పేరుపడ్డ అమెరికా రచయిత శామ్యూల్ క్లెమెన్స్ 1871 డిసెంబరు 19న ఒక పేటెంటు పొందాడు. అది దుస్తులకు బిగించుకుని, కావలసినంత సర్దుకుని, మళ్లీ విడదీసుకోగల పట్టీకి. చొక్కా మీది వెయిస్టుకోటు, పంట్లాము, ఇలా పట్టీ అవసరమైన దుస్తులకన్నిటికీ పనికొచ్చేలా ఊహించాడు. గ్యాలీసులంటే ఆయనకు పడేది కాదట. అందులో నన్ను ఆకట్టుకున్నది పట్టీ బట్టకు శాశ్వతంగా కుట్టి ఉండకపోవడం.

ఎందుకంటే మా విషయంలోనూ బొందు లేకపోవడం కన్నా విడదీయగలగడమే ఎక్కువ మేలు చేసింది. అక్క దగ్గర ఏప్రాన్లు సోడా వేసి మరిగించిన నీళ్లలో నానుతాయి, లేకపోతే పసుపు, నూనె వదలవు. ఆ నీళ్లలో ఎలాస్టిక్ నెలకు మించి బతకదు. నూనెకూ వేడికీ రబ్బరు సాగి చచ్చుబడుతుంది, క్లిప్పు స్ప్రింగు తుప్పు పడుతుంది. ఇప్పుడు ఉతుకుకు గుడ్డ ఒక్కటే వెళుతుంది. ఏప్రాన్లు ఆరు ఉన్నాయి, కొక్కేల జత ఒకటే. రాత్రి వాటిని సబ్బు గుడ్డతో తుడిచి గూట్లో మేకుకు తగిలిస్తుంది. ఊడి పడేవి ఉన్నాయి గనుక లెక్క కూడా పెట్టించాను. వంట మొదలయ్యే ముందూ, అయిపోయాకా రెండు కొక్కేలు, రెండు క్లిప్పులు, వాటి రబ్బరు పొరలు నాలుగూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. బొందుకు ఈ పని లేదన్నది నిజమే.

సాయానికి వచ్చే అమ్మాయికి మాత్రం ఇది పనికిరాలేదు. ఆమె వేసుకునేది చుడీదారు, పొడుగు టాపు కింద నడుము పట్టీ ఎక్కడో ఉంటుంది, కొక్కెం తగిలించడానికి చోటే లేదు. ఆమెకు రెండు క్లిప్పులను ఒకే పొడుగు ఎలాస్టిక్‌తో కలిపి ఇచ్చాను. ఒకటి ముందే ఎడమ అంచుకు పెట్టేసి, ఎలాస్టిక్‌ను తుండుగుడ్డలా నడుము చుట్టూ విసిరి, రెండోది కుడివైపు అందుకుంటుంది. భుజం బాగున్నవాళ్లకు అది చాలు. "నాకు బొందే బాగుందండీ" అని మొహం మీదే చెప్పింది. వారానికి మూడు రోజులు బొందు ఏప్రాన్‌లోనే కనబడుతుంది. జారుముడి మాత్రం ఇప్పుడు జాగ్రత్తగా వేస్తోంది.

వేసవి నాటికి అక్క భుజం చాలావరకు తిరిగింది, జడ తనే వేసుకుంటోంది. కొక్కేలు మాత్రం వదల్లేదు. మొన్న వెళ్లినప్పుడు చూస్తే కుడివైపు కొక్కేనికి బీరువా తాళాలు, షట్టరు తాళం కలిపి వేలాడుతున్నాయి, ఆ బరువుకు ఎలాస్టిక్ ఒక పక్కకు లాగి ఏప్రాన్ వంకరగా ఉంది. వెండి గుత్తి ఏమైందని అడిగితే కోడలికిచ్చేశానంది. ఇప్పుడు తాళాల కోసం మూడో కొక్కెం కావాలట, దాని మీద పూలు ఉండాలట. స్టెయిన్‌లెస్ రేకు మీద పూలు చెక్కడం నాకు రాదు. చెక్కగల మనిషి కోసం వెతుకుతున్నాను.