జమ్మి మీద గాండీవం, బీరువాలో తాతగారి తుపాకీ

శమీ శమయతే పాపం శమీ శత్రువినాశినీ
అర్జునస్య ధనుర్ధారీ రామస్య ప్రియదర్శినీ

దసరా సాయంత్రం జమ్మి చుట్టూ తిరుగుతూ అందరం చదివే శ్లోకమే. ఇందులో జమ్మికి దక్కిన పెద్ద పొగడ్త అర్జునుడి వింటిని మోసిందని. ఆ మోసినన్నాళ్లూ గాండీవం ఒక్క బాణమూ వేయలేదు. అంటే మనం మొక్కేది ఆయుధం ఊరికే ఉన్న కాలానికి. తాతల నాటి తుపాకీని నవమి నాడు పూజలో పెట్టే ఇళ్లవారు ఈ సంగతి గుర్తుంచుకుంటే పూజావిధానం సగం దానంతటదే తెలుస్తుంది.

వ్యాస భారతం విరాటపర్వంలో పాండవులు ముందు వింటినారులు విప్పేశారు. నకులుడు చెట్టెక్కి, వాన నేరుగా పడని చోటు చూసి, గట్టి తాళ్లతో బిగించాడు. ఎవరూ దగ్గరికి రాకుండా ఒక శవాన్నీ కట్టారు. దారిలో గొల్లలు అడిగితే, ఆమె మా అమ్మ, వయసు నూట ఎనభై, ఇలా చెట్టుకు కట్టడం మా పూర్వుల ఆచారం అన్నారు. దాచడానికి ఆడిన మాటే అయినా, తాత తుపాకీ ఉన్న ఇంట్లో ఆ మాట నిజమే. దాన్ని అక్కడ వస్తువులా చూడరు, ఇంటి పెద్దలా చూస్తారు.

నారి విప్పడమంటే మనకు తూటాలు తీయడం. డబుల్ బ్యారెల్ 12 బోరు తుపాకీని మధ్యకు విరిచి, తూటాలు పెట్టే రెండు గదులూ కంటితో చూసి, వేలు పెట్టి తడిమి, అలా విరిచే పీట మీద ఉంచాలి. తూటాలు వేరే గదిలో తాళం వేసి ఉండాలి. అసలు ప్రమాదం ముందునుంచి మందు కూరే పాత తుపాకీతో. ఎప్పుడో కూరి వదిలేసిన తుపాకీమందు పొడిగా ఉంటే దశాబ్దాల తర్వాత కూడా అంటుకుంటుంది. మూతికి ఎదురుగా నిలబడకుండా చెక్క పుల్లను గొట్టంలోకి ఆగేవరకూ దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి బయటికి తీయండి. ఆ గుర్తును మూతికి సరిపెట్టి పుల్లను గొట్టం పక్కన ఆనించండి. దాని కొస వెనక నిప్పు రంధ్రం దాకా రాకపోతే లోపల ఏదో ఉన్నట్టే. దాన్ని మీరు తీయబోవద్దు, లైసెన్సున్న తుపాకుల మరమ్మతుదారుకు కబురు చేయండి. అప్పటిదాకా హారతి పళ్లెం ఆ గది గడప దాటకూడదు.

బొట్టు ఎక్కడ పెట్టాలన్నది అందరూ తప్పే చోటు. తడి పసుపు, గంధం ఇనుము మీద ఆరితే కొన్నాళ్లకే కింద తుప్పు పట్టి నల్లటి పూత లేస్తుంది. బొట్టు బట్టు మీద, అంటే భుజానికి ఆనించే వెనక చెక్క మీద పెట్టండి. ఇంకా మంచిది, తమలపాకు మీద పెట్టి ఆకును తుపాకీపై ఉంచడం. కొబ్బరికాయ నీళ్లు చిమ్మనంత దూరంలో కొట్టాలి. పూజ కాగానే చేతి చెమట తడితో సహా తుడిచేసి, తుపాకీ నూనె పల్చగా రాయాలి. కొబ్బరినూనె, నువ్వులనూనె పవిత్రమే కానీ నాళ్లు గడిస్తే జిగురై మరను పట్టేస్తాయి. నూనె ఎక్కువైతే బట్టులోకి దిగి చెక్క మెత్తబడుతుంది. తోలు సంచి తేమ పట్టి ఉంచుతుంది కాబట్టి ఏడాది పొడుగునా అందులో ఉంచకూడదు. నకులుడు వాన పడని చోటు వెతికింది ఇందుకే.

బట్టు మీద తాత చెంప ఆనిన చోట నునుపు తేలి ఉంటుంది, చెయ్యి పట్టిన చోట గళ్ల చెక్కడం అరిగి ఉంటుంది. పండగకు కొత్తగా కనిపించాలని గరుకు కాగితం పెట్టి రుద్దించి పాలిష్ కొట్టిస్తారు కొందరు. ఆ అరుగుదలే ఆయన గుర్తు. అది పోయాక మిగిలేది సెకండ్‌హ్యాండ్ తుపాకీ.

కర్ణాటకలోని కొడగులో కొడవ జాతివారు సెప్టెంబర్ 3 ప్రాంతంలో చేసే ఆయుధాల పండగ కైల్‌పోళ్దు ఈ తీరుదే. నాట్ల కాలమంతా పూజగదిలో ఉంచిన ఆయుధాలను నాట్లు అయ్యాక తీసి, శుభ్రం చేసి, మన అడవినాభి పువ్వుతో అలంకరిస్తారు. వారికి ఆయుధ చట్టం లైసెన్సులో మినహాయింపు ఉంది, కర్ణాటక హైకోర్టు 2021లో దాన్ని సమర్థించింది కూడా. మనకు ఆ వెసులుబాటు లేదు. పండగ పేరుతో గాల్లోకి కాల్చి ఎదుటివారి ప్రాణం మీదికి తెస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. లైసెన్సు మీద రెండు తుపాకులకు మించి ఉండకూడదన్నదీ ఆ సవరణే.

లైసెన్సున్న పెద్దాయన పోతే తుపాకీ కొడుకుది అయిపోదు. వెంటనే పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి, వారసుడు తన పేర దరఖాస్తు చేసుకోవాలి. మిగతా వారసుల అంగీకారం లేక ఆగిపోయిన తుపాకులు ఎన్నో. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకీ ఆయన చేతిలో 25 ఏళ్లు ఉన్నా, బతికుండగానే వారసుడికి మార్పించే వీలుంది. ఈ పని పెద్దాయన సంతకం చేయగల రోజుల్లోనే అయిపోవాలి.

ఎన్నికల వేళ పోలీసులకు అప్పగించిన తుపాకీ స్టేషన్‌లో ఉండిపోయి నవమి వస్తే ఖాళీ పెట్టెకే బొట్టు పెట్టి పూజ చేయండి, లోపం లేదు. గాండీవం జమ్మి మీద ఉన్న ఏడాదీ అర్జునుడి చేతులు ఖాళీగానే ఉన్నాయి కదా.