మసి, దాని పెట్టె

పొద్దున్నే మంచం దిగి అడుగేశానో లేదో, కాలికి తడి తగిలింది. నీళ్ళేమో అనుకుందామన్నా వాసన ఊరుకోదుగా. మళ్ళీ డోర్‌మ్యాట్ మీదే. ఈ వారంలో నాలుగోసారి.

మసి అప్పటికే సోఫా కింద దూరింది. పేరుకు తగ్గట్టు ఒళ్ళంతా నలుపు, మూడు నెలల పిల్లిపిల్ల. చీకట్లో రెండు కళ్ళే కనిపిస్తున్నాయి. అరవబోయి ఆగాను. మొదటిరోజు అరిచినందుకు అది నేర్చుకున్నది ఒకటే: ఈవిడ చూస్తుండగా పోయకూడదని. ఆ మర్నాడు మంచం వెనక్కి వెళ్ళి పోసింది.

అమ్మకి ఫోన్లో చెప్తే, "దాని ముక్కు పట్టుకుని అందులో రాయవే, బుద్ధొస్తుంది" అంది. రాస్తే దానికి నా మీద భయం తప్ప ఇంకేం వస్తుంది!

ఫినాయిల్ అందుకోబోయి అదీ మానేశాను. అందులోని ఫినాల్‌ను పిల్లి కాలేయం అరాయించుకోలేదు, పాదాలు నాక్కుంటే విషమే. ఎంజైమ్ క్లీనర్‌తో తుడిచాను. మన ముక్కుకి పోయిన వాసన దాని ముక్కుకి ఉండిపోతే, మళ్ళీ అక్కడికే వస్తుంది.

సెలవు కదా అని ఇవాళ దాన్నే గమనిస్తూ కూర్చున్నా. తిన్న పావుగంటకి తనంతట తనే లిట్టర్ బాక్స్ దగ్గరికి, అంటే దాని దొడ్డికని మట్టి పోసి ఉంచిన పెట్టె దగ్గరికి వెళ్ళింది! వాసన చూసింది. ముందుకాళ్ళు రెండూ లోపల పెట్టింది. అంతలో పక్కనున్న వాషింగ్ మెషీన్ స్పిన్ మొదలెట్టింది. బాణంలా ఎగిరి మళ్ళీ సోఫా కిందికి.

వారం నుంచి మొండిదని తిట్టుకున్నది దీన్నా! పెట్టె అక్కడ పెట్టింది నేను. పైన మూత బిగించింది నేను. లావెండర్ వాసన లిట్టర్ కొన్నదీ నా ముక్కు కోసమే.

మూత పీకేశాను. పెట్టె కడిగి, దాని గిన్నెకి దూరంగా, పడకగది మూలకి మార్చాను. వాసన లేని మట్టి రెండంగుళాలు పోశాను, అదీ తడి తగిలితే గడ్డకట్టని రకమే. నాలుగు నెలలు నిండేదాకా గడ్డకట్టేది వద్దు, ఈ వయసులో నోట పెట్టుకుంటాయి.

మధ్యాహ్నం నిద్ర లేవగానే ఎత్తుకెళ్ళి అందులో దింపి, దూరంగా జరిగాను. కాళ్ళు పట్టుకుని తవ్వించలేదు. గరగరమని గొయ్యి తీసింది. కూర్చుంది. తోక సన్నగా వణికింది. చెవులు వెనక్కి, చూపు ఎటో శూన్యంలోకి, పెద్ద వేదాంతిలా. లేచి వాసన చూసుకుని పూడ్చడం మొదలెట్టింది. కాకపోతే మట్టిని కాదు, పెట్టె గోడని గీకుతోంది. ఎంత గీకినా గోడ కదలదే! చివరికి పూడ్చినట్టే తృప్తిపడి దిగిపోయింది.

చప్పట్లు కొట్టాలనిపించింది గానీ బెదురుతుందని ఊరుకున్నా.

రాత్రి గరిట పట్టుకుని పెట్టె శుభ్రం చేశాను. గరిట ఇంకా చేతిలోనే ఉంది, మసి వచ్చి అందులోకి ఎక్కి మళ్ళీ తవ్వడం మొదలెట్టింది.