జపాన్ కన్సోళ్లకు మారి ఆరు నెలలు: ఇప్పటిదాకా లెక్క

టీవీకి తగిలించి ఆడే పాత వీడియో గేమ్ కన్సోళ్లు పోగేయడం నా సరదా. ఐదేళ్లుగా నా దగ్గర పోగైనవన్నీ అమెరికా వెర్షన్లే. నింటెండో, సూపర్ నింటెండో, జెనెసిస్. గేముల్లో చాలావరకు ఉత్త కార్ట్రిడ్జ్‌లు, అంటే కన్సోల్‌లో దూర్చే ప్లాస్టిక్ బిళ్లలు మాత్రమే. డబ్బా లేదు, మాన్యువల్ లేదు. డబ్బాతో కావాలంటే అడిగే ధర విని వెనక్కి తగ్గడం అలవాటైపోయింది. అదే గేము జపాన్ వెర్షన్ డబ్బా, మాన్యువల్, లోపలి కాగితాలతో సహా అమెరికా ఉత్త కార్ట్రిడ్జ్ కన్నా తక్కువకు కనిపించిన రోజు మనసు మారింది. పాతవి ఒక్కొక్కటిగా అమ్ముతూ, జపాన్‌వి ఒక్కొక్కటిగా తెప్పించుకుంటూ వస్తున్నాను.

మొదటి నెల

సూపర్ ఫామికామ్‌తో మొదలుపెట్టాను, సూపర్ నింటెండోకు జపాన్‌లో పేరు అది. 1990 నవంబరు 21న జపాన్‌లో వచ్చింది. అమెరికా దానికీ దీనికీ లోపలి తేడా తక్కువ. రెండూ 60 హెర్ట్జ్‌లోనే (సెకనుకు 60 సార్లు బొమ్మ మారే వేగం) నడుస్తాయి, కంట్రోలర్ ప్లగ్గు ఒకటే, వెనక టీవీ కేబుల్ సాకెట్టూ ఒకటే. కాబట్టి నా పాత కేబుళ్లు, కంట్రోలర్లు అలాగే పనికొచ్చాయి. గేముల కోసమే అయితే కన్సోల్ మార్చనక్కర్లేదు కూడా. అమెరికా కన్సోల్ స్లాటులో రెండు ప్లాస్టిక్ ముక్కలు అడ్డం ఉంటాయి, వాటిని కటింగ్ ప్లయర్‌తో తీసేస్తే జపాన్ కార్ట్రిడ్జ్ దిగుతుంది. జపాన్ గేములు పట్టకుండా అక్కడున్న తాళం అంతే. కానీ నాకు ఆ బూడిద, ఊదా రంగుల అమెరికా కన్సోల్ ఆకారం ఏనాడూ నచ్చలేదు. గుండ్రటి అంచులు, నాలుగు రంగుల బటన్లు ఉన్న అసలుదే కావాలనిపించింది.

మొదటి దెబ్బ కూడా ఇక్కడే తగిలింది, తప్పు పూర్తిగా నాదే. కన్సోల్ అడాప్టర్ లేకుండా వచ్చింది. పాత రౌటర్ అడాప్టర్ ఒకటి ఉంది, వోల్టేజీ దగ్గరగా ఉంది, ప్లగ్గు సరిపోయింది. పెట్టాను. ఎర్ర లైటు వెలగలేదు. సూపర్ ఫామికామ్‌కు ప్లగ్గు మధ్యలో నెగటివ్, బయట పాజిటివ్ ఉండాలి. నా అడాప్టర్‌ది సరిగ్గా తిరగేసి ఉంది. విప్పి మల్టీమీటర్ పెట్టి చూస్తే ఫ్యూజు పోయింది. బోర్డు మీద చిన్న ఫ్యూజు, 1.5 ఆంపియర్లది, అది తనను తాను బలిచ్చుకుని మిగతాదాన్ని కాపాడింది. కొత్తది టంకం వేసి పెట్టాక లైటు వెలిగింది. ఆ రోజు టెన్షన్ మాత్రం మామూలుగా లేదు. విప్పడానికి 4.5 మి.మీ. ప్రత్యేకమైన బిట్ కావాలి, మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు. కన్సోల్ కన్నా ముందు ఆ బిట్ కొనుక్కోండి.

ఆ తర్వాత కూర్చుని కరెంటు సంగతి మొత్తం రాసుకున్నాను. జపాన్‌లో ఇంటి కరెంటు 100 వోల్టులు. 230 వోల్టులున్న చోట వాళ్ల అడాప్టర్‌ను నేరుగా గోడకు పెడితే అది కాలిపోతుంది. అడాప్టర్ బయట ఉండే కన్సోళ్లతో బాధ లేదు. ఫామికామ్ (జపాన్‌లో నింటెండో పేరు), సూపర్ ఫామికామ్ రెండింటికీ అసలు అడాప్టర్ ఒకటే: 10 వోల్టులు, 850 మిల్లీ ఆంపియర్లు. దాని బదులు 100 నుంచి 240 దాకా తీసుకునే కొత్తరకం 9 వోల్టుల డీసీ అడాప్టర్, ఒక ఆంపియరు లేదా పైన, మధ్యలో నెగటివ్ ఉన్నది తీసుకున్నాను. రెండూ దాని మీదే నడుస్తున్నాయి. యూరప్ సూపర్ నింటెండో అడాప్టర్ జోలికి మాత్రం పోవద్దు, అది ఏసీ ఇస్తుంది. శాటర్న్, ప్లేస్టేషన్ లాంటి సీడీ కన్సోళ్లకు పవర్ సప్లై లోపలే ఉంటుంది. వాటికి 100 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. నేను 100 వాట్లది పెట్టాను, శాటర్న్‌కు అది ఎక్కువే.

రెండో నెల

ఫామికామ్. 1983 జులైలో వచ్చిన ఎరుపు, తెలుపు మోడల్ చూడముచ్చటగా ఉంటుంది. రెండో కంట్రోలర్‌లో మైక్ కూడా ఉంది. కానీ దాని నుంచి వచ్చేది యాంటెన్నా సిగ్నలే, అదీ జపాన్ చానళ్ల లెక్కన. వేరే దేశపు టీవీలో ఆ చానల్ వెతికి పట్టుకోవడం ఒక ప్రహసనం. కంట్రోలర్లు కన్సోల్‌కే అతుక్కుని ఉంటాయి, తీగలు పొట్టి. అందుకే 1993 డిసెంబరులో వచ్చిన, యాంటెన్నా బదులు ఏవీ కేబుల్‌తో టీవీకి తగిలే ఏవీ ఫామికామ్ తీసుకున్నాను. సూపర్ ఫామికామ్ కేబులే దీనికీ సరిపోతుంది, కంట్రోలర్లు ఊడదీయొచ్చు, నా పాత నింటెండో కంట్రోలర్లూ పనిచేస్తున్నాయి.

మారినందుకు నాకు నిజమైన సంతోషం ఇచ్చింది ఈ పెట్టే. ఫామికామ్ కార్ట్రిడ్జ్‌కు 60 పిన్నులు, అమెరికా దానికి 72. పిన్నులు ఎక్కువున్న దాంట్లో ఏదో అదనంగా ఉండాలనుకుంటాం. శబ్దం విషయంలో సంగతి తలకిందులు. ఫామికామ్‌లో కన్సోల్ శబ్దం కార్ట్రిడ్జ్ లోపలికి వెళ్లి మళ్లీ బయటికొస్తుంది. దాంతో గేము తయారుచేసేవాళ్లు కార్ట్రిడ్జ్‌లోనే ఇంకో సౌండ్ చిప్ పెట్టి కలిపేయొచ్చు. అమెరికా మోడల్లో ఆ దారి కార్ట్రిడ్జ్ స్లాటులో లేదు. 1989లో కొనామి అనే గేముల కంపెనీ ‘అకుమాజో డెన్‌సెత్సు’ (అమెరికాలో ‘కాసిల్‌వేనియా 3’) కార్ట్రిడ్జ్‌లో వీఆర్‌సీ6 అనే చిప్ పెట్టింది. అది మూడు అదనపు స్వరాలు ఇస్తుంది. ఐదేళ్లు అమెరికా వెర్షన్ ఆడి ఆ సంగీతం నాకు బాగా తెలుసనుకున్నాను. జపాన్‌ది పెట్టగానే మొదటి స్టేజిలో కంట్రోలర్ పక్కన పెట్టేసి విన్నాను. అదే పాట, కానీ నేనిన్నాళ్లూ సగం వాయిద్యాలతోనే విన్నట్టు అనిపించింది. ‘కాంట్రా’ గేములో తేడా శబ్దంలో కాదు, బొమ్మలో. 1988 ఫామికామ్ వెర్షన్లో స్టేజిల మధ్య బొమ్మల కథ ఉంది, అడవిలో చెట్లు ఊగుతాయి.

మూడు, నాలుగు నెలలు

కొనడం నేర్చుకున్న రోజులివి. జపాన్ అమ్మకందారుల్లో చాలామంది విదేశాలకు పంపరు, కాబట్టి మధ్యలో ఏజెంటు సర్వీసు ఉండాలి. వాళ్లు కొని గోడౌన్‌లో పెడతారు, అన్నీ కలిపి ఒకే పార్సిల్‌గా పంపమని అడగొచ్చు. నేను మొదటి మూడు వస్తువులు విడివిడిగా తెప్పించి వస్తువుల కన్నా తపాలాకే ఎక్కువ కట్టాను. ఇప్పుడు పది పన్నెండు చేరేదాకా ఆగుతున్నాను.

ప్రకటనలో ఐదు మాటలు తెలిస్తే సగం మోసాలు తప్పుతాయి. ‘హకో సెత్సు’ అంటే డబ్బా, మాన్యువల్ ఉన్నాయని. ‘దోసా కకునిన్ జుమి’ అంటే ఆడించి చూశామని. ‘మికకునిన్’ కనిపిస్తే చూడలేదని. చూసి, పనిచేయక అలా రాసిన సందర్భాలూ ఉంటాయని నా అనుమానం. ‘హియాకే’ అంటే ఎండకు రంగు మారిందని. ‘జంకు’ అంటే మాత్రం తర్వాత ఏమన్నా మాకు సంబంధం లేదని. ఆ జంకు మాటకు భయపడి మొదట్లో దూరంగా ఉన్నాను. ఇప్పుడు ఎక్కువగా అవే కొంటున్నాను. జంకు అని వచ్చిన ఎనిమిది కార్ట్రిడ్జ్‌లలో ఏడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్ బడ్‌తో పిన్నులు తుడవగానే లేచాయి. ఎనిమిదోదాన్ని ఇంకా వదల్లేదు.

సీడీ గేములకైతే డబ్బా పక్కన పెట్టే సన్నటి కాగితం పట్టీ, ‘ఓబి’, ఉందో లేదో ఫోటోలో చూసుకోవాలి. లేకపోయినా ఆటకు తేడా లేదు. పోగేసేవాడికి మాత్రం అది లేకపోతే నిద్ర పట్టదు.

రంగు మారిన ప్లాస్టిక్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరచడం చాలామంది చేస్తారు. నేనొక పాడైన కంట్రోలర్ మీద ప్రయత్నించాను, మచ్చలు మచ్చలుగా తేలింది. మానేశాను. పసుపుగా ఉంటే పసుపుగానే ఉండనీ.

ఐదో నెల

భాష. ఇది అడ్డమవుతుందని భయపడ్డాను కానీ అక్షరాలు మాత్రం అనుకున్నంత కష్టం కాలేదు. హిరగానా, కటకానా అని జపాన్‌వి రెండు లిపులు, ఒక్కోదాంట్లో 46 మూలాక్షరాలు. గుణింతం వల్లెవేసిన నోటికి క, కి, కు, కె, కొ కొత్తేం కాదు. అ, క, స, త, న అని వాళ్ల అక్షరాల వరుస కూడా బౌద్ధంతో పాటు వెళ్లిన మన వర్ణమాల పద్ధతే. కటకానా ముందు నేర్చుకోండి. గేముల్లో ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలన్నీ దాంట్లోనే ఉంటాయి కాబట్టి చదవగానే సగం అర్థమవుతాయి. ‘హజిమెకర’ అంటే మొదటి నుంచి, ‘త్సుజుకికర’ అంటే ఆపిన చోటి నుంచి. ఈ రెండూ తికమకపడి ఒకసారి నా సేవ్ (ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకున్నది) మీదే కొత్త ఆట రాసేశాను.

ప్లేస్టేషన్‌లో ఇంకో చిక్కు. జపాన్ గేముల్లో సాధారణంగా సున్నా బటన్ అంటే సరే, ఇంటూ బటన్ అంటే వద్దు. అమెరికా వెర్షన్లలో ఎక్కువగా తిరగేసి ఉంటుంది. వేళ్లకు ఇంకా అలవాటు కాలేదు.

కథ నిండా సంభాషణలుండే గేములు మాత్రం ఇంగ్లీషువే అట్టిపెట్టుకున్నాను. అక్షరాలు చదవడం వేరు, కంజీతో, అంటే చైనా లిపి నుంచి వచ్చిన అక్షరాలతో, నిండిన పేరా అర్థం చేసుకోవడం వేరు. షూటింగ్, ప్లాట్‌ఫామ్, పజిల్, ఫైటింగ్, ఇవన్నీ జపాన్‌వి. ఈ గీత గీసుకున్నాకే ఏది కొనాలో తేలిగ్గా తేలుతోంది.

ఇప్పుడు బల్ల మీద

డిస్క్ సిస్టమ్ ఒకటి విప్పి ఉంది. 1986 ఫిబ్రవరిలో ఫామికామ్ కోసం వచ్చిన ఫ్లాపీ డ్రైవు. దుకాణంలో యంత్రం దగ్గర 500 యెన్‌లు కట్టి అదే డిస్కు మీద కొత్త గేము రాయించుకునేవాళ్లట. లోపలి రబ్బరు బెల్టు తారులా కరిగి చక్రానికి పట్టేసింది. ఇన్నేళ్ల తర్వాత ఎక్కువ వాటిలో ఇదే గతి. గీకి శుభ్రం చేయడానికి ఒక సాయంత్రం పట్టింది, కొత్త బెల్టు వేశాను. మోటారు తిరుగుతోంది కానీ డిస్కు చదవడం లేదు. చక్రం తిరిగే స్థానం రవ్వంత పక్కకు జరిగి ఉంటుంది. దాన్ని కొద్దికొద్దిగా తిప్పి చూడాలి.

దాని పక్కన ‘డ్రాగన్ క్వెస్ట్ 5’ ఉంది, 1992 నాటి సూపర్ ఫామికామ్ కార్ట్రిడ్జ్. పైన పెట్టుకున్న గీత దాటి, డబ్బా బాగుందని కొన్నాను. పెట్టి చూస్తే లోపల ఎవరిదో సేవ్ ఇంకా బతికే ఉంది. నాలుగక్షరాల హిరగానా పేరు, ఆట చాలా దూరం వెళ్లింది. ఆ సేవ్‌ను నిలబెడుతున్నది బోర్డుకు టంకం వేసిన సీఆర్2032 బ్యాటరీ. 3 వోల్టులుండాల్సింది 2.7 చూపిస్తోంది. మార్చడం పావుగంట పని, కానీ పాత బ్యాటరీ ఊడగానే ఆ పేరు పోతుంది. ముందు సేవ్‌ను కంప్యూటర్లోకి తీసుకుని, బ్యాటరీ మార్చాక తిరిగి రాసే కార్ట్రిడ్జ్ రీడర్ ఆర్డర్ చేశాను. అది వచ్చేదాకా టంకం యంత్రం దాని దగ్గరికి వెళ్లదు.