టీసీ పెరిగింది అనగానే కంగారు పడకండి, అలాగని వదిలెయ్యకండి

సీబీపీ (రక్తకణాల లెక్క చూసే మామూలు రక్తపరీక్ష) రిపోర్ట్ చేతికి రాగానే అందరి కళ్లూ ముందు టోటల్ కౌంట్ మీదే పడతాయి, అంటే టీసీ, రక్తంలో ఉన్న మొత్తం తెల్లకణాల లెక్క. అక్కడ 14,000 అని ఉంటే చాలు, కొంతమంది అదే రాత్రి నెట్‌లో వెతుక్కుంటూ బ్లడ్ క్యాన్సర్ దాకా వెళ్లిపోతారు, ఇంకొంతమంది "ఏదో ఇన్ఫెక్షన్ అయ్యుంటుందిలే" అని ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ వేసేసుకుంటారు. నన్నడిగితే ఈ రెండోదే ఎక్కువ భయపెడుతుంది. ఎందుకంటే కౌంట్ పెరగడానికి ఇన్ఫెక్షన్ ఒక్కటే కారణం కాదు.

పెద్దవాళ్లలో మైక్రోలీటర్ రక్తానికి 4,000 నుంచి 11,000 వరకు తెల్లకణాలు మామూలు, ల్యాబ్‌ని బట్టి కాస్త అటూ ఇటూ. అప్పుడే పుట్టిన బిడ్డకి 20,000 ఉన్నా మామూలే. కడుపుతో ఉన్నవాళ్లకి 13, 14 వేలు ఉండొచ్చు, పురిటి నొప్పుల టైంలో ఇంకా పైకి వెళ్తుంది. అంటే ఎంత ఉందో అడిగే ముందు ఎవరిదో, ఎప్పుడు తీశారో అడగాలి.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటి ఉంది. తెల్లకణాల్లో ఎక్కువ భాగం ఉండే రకం న్యూట్రోఫిల్స్, వాటిలో దాదాపు సగం రక్తంతో పాటు తిరగవు, బస్సులో కంబీ పట్టుకుని నిలబడ్డవాళ్లలా రక్తనాళాల గోడలకి అంటుకుని ఉంటాయి, సూదితో తీసిన రక్తంలో అవి లెక్కకి రావు. గట్టిగా పరిగెత్తినా, బాగా టెన్షన్ పడినా, ఫిట్స్ వచ్చినా అడ్రినలిన్ వాటిని ఊడదీస్తుంది, కొత్త కణం ఒక్కటి కూడా పుట్టకుండానే కౌంట్ పెరిగిపోతుంది. స్టెరాయిడ్స్ కూడా అంతే, పైగా ఎముక మజ్జలో నిల్వ ఉన్నవాటిని కూడా బయటికి పంపిస్తాయి. ఆస్తమాకి ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వాడుతున్న మనిషికి 15,000 వచ్చిందనుకోండి, జ్వరం లేదు, మనిషి బానే ఉన్నాడు, అప్పుడు డాక్టర్‌కి చెప్పాల్సిన మొదటి మాట ఆ మాత్ర పేరే. మానసిక జబ్బుకి లిథియం అనే మందు వాడేవాళ్లకి, ఏళ్ల తరబడి సిగరెట్ కాల్చేవాళ్లకి కూడా కౌంట్ కొంచెం ఎక్కువగానే ఉంటుంది. కాలిన గాయాలు, ఆపరేషన్, హార్ట్ ఎటాక్, కీళ్లవాతం, స్ప్లీన్ (ప్లీహం) తీసేయడం, వీటన్నిట్లోనూ పెరుగుతుంది.

అందుకే టీసీ కింద ఉండే డీసీ (డిఫరెన్షియల్ కౌంట్, తెల్లకణాల్లో ఏ రకం ఎంత శాతమో చెప్పేది) చూడాలి, అసలు కథంతా అక్కడే. న్యూట్రోఫిల్స్ పెరిగితే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్, వాపు, ఒంటికి ఏదైనా పెద్ద దెబ్బ, స్టెరాయిడ్స్ గురించి ఆలోచిస్తారు. లింఫోసైట్స్ అయితే ఎక్కువగా వైరస్‌లు, పిల్లల్లో కోరింత దగ్గు కూడా (అది బ్యాక్టీరియా వల్ల వచ్చేదే అయినా పెరిగేది మాత్రం లింఫోసైట్సే). ఇసినోఫిల్స్ అయితే ఎలర్జీ, ఆస్తమా, నులిపురుగులు, ఫైలేరియా, ఏదైనా మందు పడకపోవడం. పర్సంటేజ్ చూసి మాత్రం మోసపోవద్దు. టీసీ 15,000, అందులో లింఫోసైట్స్ 10 శాతం అని ఉంటే రిపోర్ట్‌లో పక్కన "తక్కువ" అని గుర్తు పెడతారు, కానీ లెక్కేస్తే 1,500, అది నార్మలే. పెరిగింది న్యూట్రోఫిల్స్ మాత్రమే. శాతాన్ని టీసీతో గుణించి చూసుకోండి, సగం భయాలు అక్కడే పోతాయి.

కౌంట్ పెరగకపోయినా ప్రమాదం ఉండొచ్చు, ఇది గట్టిగా చెప్పాలి. టైఫాయిడ్, డెంగ్యూల్లో తెల్లకణాలు చాలాసార్లు తగ్గుతాయి. తీవ్రమైన సెప్సిస్‌లో (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసే స్థితి), ముఖ్యంగా ముసలివాళ్లలో, కౌంట్ 4,000 కిందకి పడిపోతే అది ఇంకా చెడ్డ సూచన. "టీసీ నార్మలే కదా" అని ఆయాసపడుతున్న, మాట తడబడుతున్న పెద్దాయన్ని ఇంట్లోనే ఉంచేయకండి.

మరి లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్ అనుమానం ఎప్పుడు? ఒక్క 13,000 చూసి కాదు. కౌంట్‌తో పాటు హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్స్ కూడా పడిపోవడం, స్మియర్‌లో (రక్తపు చుక్కని గాజుపలక మీద పరిచి మైక్రోస్కోప్‌లో చూడటం) బ్లాస్ట్‌లు, అంటే ఇంకా ఎదగని కణాలు కనపడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రుళ్లు చెమటలు, ఒంటిమీద కమిలిన మచ్చలు, గడ్డలు, ఇలాంటివి ఉంటే ఆలస్యం చేయకూడదు. 50,000 దాటినా వెంటనే తేల్చుకోవాలి, తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో కూడా అంత పెరగొచ్చు గానీ అది డాక్టర్ తేల్చాల్సిన సంగతి. లక్ష దాటితే, ముఖ్యంగా ఎక్యూట్ (వేగంగా ముదిరే) లుకేమియాలో, రక్తం చిక్కబడి మెదడుకీ ఊపిరితిత్తులకీ సరిగ్గా అందకపోవచ్చు, అది ఎమర్జెన్సీ.

ఏ లక్షణాలూ లేకుండా కాస్త పెరిగి ఉంటే మామూలుగా కొన్ని వారాలాగి మళ్లీ చేయిస్తారు, అప్పటికీ తగ్గకపోతే స్మియర్ చూస్తారు. ఆ రెండో టెస్ట్ చాలామంది ఎగ్గొడతారు, ఒంట్లో బానే ఉందిగా అని. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా (నెమ్మదిగా ముదిరే ఒక రకం బ్లడ్ క్యాన్సర్) చాలామందిలో బయటపడేది అలాగే, ఇంకేదో పనికి చేయించిన సీబీపీలో, ఒంట్లో ఏ బాధా లేనప్పుడు. దాని వెనకున్న ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అనే తేడా వచ్చిన క్రోమోజోమ్‌ని 1960లో గుర్తించారు, దానివల్ల తయారయ్యే ప్రోటీన్ మీద నేరుగా పనిచేసే ఇమాటినిబ్ మాత్ర 2001లో వచ్చింది, అప్పటిదాకా అది చాలామందికి కొన్నేళ్లలో ప్రాణం తీసే జబ్బు. ఇప్పుడు తొలి దశలోనే పట్టుకుని మందు మానకుండా వాడితే చాలామంది మిగతావాళ్లతో దాదాపు సమానంగా బతుకుతున్నారు.